కొత్త కారుకు షోరూమ్‌లో సెరామిక్ కోటింగ్ వేయించుకునేవారికి హెచ్చరిక: గీతలు తీయకుండానే పైన పూసేశారు

విజయదశమి నాడు కొత్త కారు ఇంటికి తెచ్చుకున్నాను. నేటికి పదకొండు రోజులు. నల్ల రంగు కారు. పెయింట్‌ను కాపాడటానికి పైన పూసే పలుచని పొర, సెరామిక్ కోటింగ్, తామే వేసి ఇస్తామని షోరూమ్ వాళ్లు నా దగ్గర 24,500 రూపాయలు తీసుకున్నారు. ఈ ఉదయం వేరే చోట పరీక్ష చేయిస్తే, కోటింగ్ వేసిన మాట నిజమేననీ, వేయడానికి ముందు చేయవలసిన పనుల్లో ఒక్కటి కూడా చేయలేదనీ తేలింది. బానెట్ మీదా, కుడివైపు రెండు తలుపుల మీదా ఉన్న గీతలన్నీ ఇప్పుడు ఆ పొర కింద ఉండిపోయాయి. ధనత్రయోదశికీ, దీపావళికీ డెలివరీలు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి కోపం చల్లారేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

బుకింగ్, లోను, ఎదురుచూపులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. యాక్సెసరీల బల్ల దగ్గర కూర్చోబెట్టి నా చేతికిచ్చిన ప్యాకేజీ కాగితంలో ఫోమ్ వాష్, ఐరన్ రిమూవర్ (ఇనుప రేణువులను కరిగించే ద్రావకం), క్లే (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద), మిషన్ పాలిష్, ఆ తరువాత రెండు పొరల కోటింగ్ అని వరుసగా అచ్చువేసి ఉంది. పని పూర్తి కావడానికి రెండు రోజులు పడుతుందని ఆ కాగితం కిందనే రాసి ఉంది. నేను దాన్ని చదివి, మడిచి, ఫైల్లో పెట్టుకున్నాను.

నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి అపార్ట్‌మెంట్ గేటు బయట బండి ఆపినప్పుడు ఏటవాలు ఎండ బానెట్ మీద పడింది. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వందల సన్నని గీతలు సాలెగూడులా వలయాలు వలయాలుగా కనిపించాయి. దుమ్ము పూర్తిగా వదలకముందే గుడ్డతో గుండ్రంగా తుడిస్తే పడే గీతలు అవి. అప్పటికి నేను బండిని ఒక్కసారి కూడా కడగలేదు. వాచ్‌మన్‌ను గుడ్డ తాకించవద్దని మొదటి రోజే బతిమాలి చెప్పాను. డెలివరీ రోజున ఆకాశం మబ్బు పట్టి ఉండటం, బానెట్ మీద పూలదండ, చుట్టూ ఇంటిల్లిపాదీ ఉండటం వల్ల నేను వీటిని చూడలేదు.

ఆ మధ్యాహ్నమే షోరూమ్‌కు వెళ్లాను. ఆసుపత్రి పని మీద నాతో బయలుదేరిన అమ్మ కూడా కారులో ఉంది. మేనేజర్ బయటికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఫోన్ టార్చ్ వేసి చూసి, ఎంతో మర్యాదగా చెప్పిన మాట ఇది: "సార్, కోటింగ్ అనేది గీతలు తీసేది కాదు. ఉన్న పెయింట్‌ను ఉన్నట్టు కాపాడేది. మీరు నల్ల బండి తీసుకున్నారు, నల్ల బండిలో ఇవి కనిపిస్తాయి."

ఈ మాటను వారం రోజులుగా మనసులో తిప్పుకుంటున్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కోటింగ్ గీతలను తీయదు, కింద ఏముంటే దాన్ని అలాగే పట్టి ఉంచుతుంది, కాబట్టే దానికి ముందు పెయింట్‌ను సిద్ధం చేయాలి. ఆ సంగతి ఆయనకు పూర్తిగా తెలుసు. తెలిసి కూడా పని చేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టి, నేను అడగడానికి వచ్చినప్పుడు నన్ను తిప్పి పంపడానికి వాడుకున్నారు. కాగితం తీసి మిషన్ పాలిష్ అన్న వరుస మీద వేలు పెట్టి చూపించాను. "అది అవసరమైతేనే చేస్తాం సార్, కొత్త బండికి అవసరం పడదు" అన్నారు. మరి ఈ గీతలు ఎక్కడివని అడిగితే, కారులో కూర్చున్న మా అమ్మ వైపు చూసి, "పూజ చేసినప్పుడు పసుపు కుంకుమ పెట్టి ఉంటారు కదా, అమ్మగారు తుడిచి ఉంటారు" అన్నారు.

అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చే దారిలో, ఫ్లైఓవర్ దిగాక, "నా వల్లే పడ్డాయా నాన్నా?" అని అడిగింది. ఆమె చేసినదల్లా బానెట్ మధ్యలో అరచేయంత మేర స్వస్తిక్ వేసి, మరునాడు తడి నూలుగుడ్డతో ఆ మేరకే అద్ది తీయడం. గీతలు వెనుక తలుపు కింది అంచు దాకా ఉన్నాయి. డబ్బు పోయినందుకు నాకు బాధ ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి మీద, ఆమె ముందే, తమ పని తప్పును మోపినందుకు నాకున్నది బాధ కాదు.

ఆ రోజు బయటికి వస్తుంటే అక్కడ పనిచేసే ఒక కుర్రాడు గొంతు తగ్గించి చెప్పాడు: "అన్నా, మీ బండి రాత్రి తొమ్మిదింటికి యార్డ్ నుంచి వచ్చింది. నీళ్లు కొట్టి, తుడిచి, పూసేసినం. పొద్దున ఆరు డెలివరీలు ఉండె." అతనికి ఇబ్బంది రాకూడదు కాబట్టి అతని గురించి ఇంతకంటే రాయను.

ఈ ఉదయం బండిని ఒక డీటెయిలింగ్ స్టూడియోకు, అంటే కార్ల పెయింట్‌ను శుభ్రం చేసి మెరుగుపెట్టే చోటికి, తీసుకెళ్లాను. అక్కడ పని చూసే ఆయన మొదట నా చేతికి ఒక పలుచటి పాలిథిన్ కవర్ తొడిగించి, డిక్కీ తలుపు మీద మెల్లగా జరపమన్నారు. వట్టి చేతికి అద్దంలా నున్నగా తగిలిన పెయింట్, కవర్‌లోంచి సన్న రవ్వ చల్లినట్టు గరగరలాడింది. తరువాత అక్కడే ఐరన్ రిమూవర్ చల్లారు. రెండు మూడు నిమిషాల్లో నేరేడు పండు రంగు చారలు కిందికి కారాయి. పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రేణువులతో ఆ ద్రావకం కలిసినప్పుడు ఆ రంగు వస్తుందట. కొత్త కారు ఫ్యాక్టరీలో తయారై నేరుగా మన ముందుకు రాదు. ట్రెయిలర్ మీదనో, రైలులోనో వందల కిలోమీటర్లు వస్తుంది, యార్డ్‌లో వారాల తరబడి ఎండకూ వానకూ నిలబడుతుంది. బ్రేకుల నుంచీ, పట్టాల నుంచీ రేగే ఇనుప పొడి పెయింట్ మీద పడి అంటుకుంటుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. రవాణా కోసం అంటించిన తెల్ల ఫిల్మ్ తాలూకు జిగురు అంచుల్లో మిగులుతుంది. షాంపూతో ఎంత కడిగినా ఇవి పోవు. ఇనుముకు ఐరన్ రిమూవర్, తారు మచ్చలకూ జిగురుకూ వేరే ద్రావకం వాడి, ఆ పైన మిగిలినదాన్ని జారుడు ద్రవం చల్లుకుంటూ క్లేతో లాగేయాలి. కొత్త బండికి అవసరం పడదన్న మాట ఎంత తప్పో ఆ చారలు చూశాక నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే పైకప్పు 112 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), బానెట్ 116, తలుపులు 109 నుంచి 121 మధ్య వచ్చాయి. అంటే ఫ్యాక్టరీలో వేసిన మందమే, మళ్లీ పెయింట్ వేసిన జాడ లేదు, ఆ ఒక్కటీ ఊరట. ఈ మందంలో అన్నిటికంటే పైనున్న రంగులేని పొర, క్లియర్ కోట్, దాదాపు నలభై మైక్రాన్లే ఉంటుందనీ, సాలెగూడు గీతలు ఆ క్లియర్ కోట్‌లోనే ఉంటాయనీ ఆయన వివరించారు. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే. కాబట్టి ఇప్పుడు గీతలు తీయాలంటే మిషన్‌తో పాలిష్ పట్టాలి, పాలిష్ పడితే ముందు పోయేది నేను 24,500 రూపాయలు పెట్టి వేయించుకున్న పొరే. గీతలు తీసిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్రతి పలకనూ తుడిచి పాలిష్ తాలూకు నూనె పోగొట్టాలి, లేకపోతే కొత్త కోటింగ్ పెయింట్‌ను పట్టుకోదు. పూశాక కనీసం ఒక రోజు నీటి చుక్క తగలకూడదు, వారం దాకా షాంపూ వాడకూడదు. నా బండిని ముహూర్తానికి ముందు, పూసిన కొన్ని గంటలకే, మళ్లీ నీళ్లు కొట్టి తళతళలాడించి నాకు అప్పగించారు. ఈ పనంతా మళ్లీ చేయడానికి మూడు రోజులు, 28,000 రూపాయలు అవుతుంది.

నా తప్పు కూడా రాయాలి. డెలివరీకి ముందు రోజు సాయంత్రం ఆరింటికి వాళ్లు ఫోన్ చేసి, బండి ఇంకా యార్డ్‌లోనే ఉందనీ, అయినా పొద్దున ఏడింటి ముహూర్తానికి కోటింగ్‌తో సహా సిద్ధంగా ఉంటుందనీ చెప్పారు. రెండు రోజుల పని ఒక రాత్రిలో ఎలా అవుతుందని నేను అడగలేదు. ముహూర్తం తప్పిపోదన్న సంతోషంలో కృతజ్ఞతలు కూడా చెప్పాను. ముహూర్తానికి బండి ఇంటికి తెచ్చుకుని, పూజ చేసుకుని, పది రోజుల తరువాత కోటింగ్‌కు ఇచ్చి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ ఒక్క మాట నాకు తోచలేదు.

ఇప్పుడు కొనబోయేవాళ్లకు చెప్పవలసింది కొంచెమే. బండిని పగటి వెలుతురులో, యార్డ్‌లోనే, గుడ్డ తాకకముందు చూడండి. కడగవద్దు, పాలిష్ పెట్టవద్దు, దుమ్ముతోనే ఇవ్వండి అని రాతపూర్వకంగా అడగండి. కోటింగ్ ఎవరి దగ్గర వేయించినా క్లే తరువాతా, పాలిష్ తరువాతా పూయకముందు టార్చ్ వెలుతురులో ఫొటోలు ఇస్తేనే డబ్బు పూర్తిగా చెల్లించండి. ఒక్క రాత్రిలో చేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ప్యాకేజీ కాగితం పారేయకండి. నా దగ్గరున్న ఆ కాగితం, రసీదు, ఈ ఉదయం తీసిన ఫొటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తున్నాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

సాయంత్రం అమ్మను కిందికి తీసుకెళ్లి, టార్చ్ వేసి, పసుపు తాకని తలుపుల మీదా, అద్దం కిందా, పెట్రోలు మూత పక్కనా ఉన్న గీతలు ఒక్కొక్కటే చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని, బండిని తాకకుండా, అన్నీ చూసింది.