డాబా మీద సోలార్: గ్రిడ్‌కు కలపాలా, బ్యాటరీ పెట్టుకోవాలా?

ఎండ సిలికాన్ పలకలపై పడగానే ఎలక్ట్రాన్లు కదిలి డీసీ (ఒకే దిశలో పారే) విద్యుత్తు పుడుతుంది. దానిని ఇన్వర్టర్ ఇంటికి పనికొచ్చే ఏసీ (దిశ మారుతూ పారే) విద్యుత్తుగా మారుస్తుంది. రెండు పద్ధతులకూ ఇంతవరకు తేడా లేదు. మిగిలిన కరెంటు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న: గ్రిడ్ పద్ధతిలో గ్రిడ్‌లోకి, అంటే ఊరి కరెంటు తీగల్లోకి; బ్యాటరీ పద్ధతిలో ఇంట్లోని బ్యాటరీలోకి.

ఖర్చు: గ్రిడ్ పద్ధతికి బ్యాటరీ అక్కరలేదు, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ కూడా వస్తుంది. గ్రిడ్‌తో సంబంధం లేని బ్యాటరీ పద్ధతికి ఆ రాయితీ వర్తించదు, పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీలను కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు.

శ్రమ: గ్రిడ్ పద్ధతికి నెట్ మీటర్ (గ్రిడ్‌కు ఇచ్చిన, తీసుకున్న కరెంటును లెక్కించే మీటర్) దరఖాస్తు, బ్యాటరీ పద్ధతికి డిస్టిల్డ్ వాటర్ పోయడం. దుమ్ము తుడవడం రెండింటికీ ఉంది.

ఇబ్బంది: సరఫరా ఆగితే, ఎండ ఎంత కాస్తున్నా, గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, తీగలు బాగుచేసే లైన్‌మన్ ప్రాణాలు కాపాడే ఏర్పాటు కనుక దీనిని లోపమనడం న్యాయం కాదు. అయినా 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ చీకట్లో మగ్గినలాంటి రోజుల్లో, పై అంతస్తులో బ్యాటరీ ఉన్న ఇంటికే ఫ్యానూ ఫోనూ దక్కుతాయి.

వేసవిలో ఏసీల బిల్లు భారమైన విజయవాడ, గుంటూరు ఇళ్లకు గ్రిడ్ పద్ధతే మేలు. ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగి ఉన్న ఇంటికీ, కరెంటు స్తంభం చేరని తోటకూ బ్యాటరీ కావాలి.