వేసవి కరెంటుకు తట్టుకున్న ఎస్ఎంపీఎస్

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్వీఎంఈ డిస్క్. తక్కువ ఖర్చులో ఇంటికి కంప్యూటర్ కట్టించుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఇదే సెట్ ఉంటుంది. దాని స్పీడ్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాయాలనుకున్నది కేబినెట్‌లో ఓ మూల పడుండే ఎస్ఎంపీఎస్ గురించి, అంటే ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సినట్టు మార్చిచ్చే పెట్టె గురించి. ఇన్నాళ్లు వాడాక ఈ కంప్యూటర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఏదంటే అదే చెప్తాను.

మాది నరసరావుపేట. ఇంట్లోనే కూర్చుని కొన్ని షాపులకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాను. రాత్రయితే కంప్యూటర్ మా అబ్బాయి చేతిలో ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్ ప్లగ్గు ఆ లైన్లోనే ఉంది. అందుకని విడిగా యూపీఎస్ తీసుకోలేదు.

మొదట్లో నడిచింది కేబినెట్‌తోపాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద. స్టిక్కర్ మీద 450 వాట్లు అని ఉంది. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. మార్చి దాటాక మొదలైంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ ఠక్కున ఆగిపోయేది. ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది, ట్యూబ్‌లైట్ ఒకసారి కొట్టుకుని మళ్లీ వెలిగేది, ఇది మాత్రం మొదట్నుంచి బూట్ అయ్యేది. విచిత్రం ఏంటంటే పొద్దున పూట కరెంటు పోతే ఆగేది కాదు. వీధిలో ఏసీలన్నీ నడిచే రాత్రివేళ పోతే ఆగేది. నేను లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో ఎంట్రీలు కొడుతుంటే ఒక్కోసారి తట్టుకునేది, అబ్బాయి గేమ్‌లో ఉంటే ఆగడం ఖాయం. ఒక నెల 20వ తేదీన, 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన ఆఖరి రోజు, ఇలాగే ఆగింది. ఆన్ చేశాక ఒక షాపు డేటా టాలీలో తెరుచుకోలేదు. ముందురోజు బ్యాకప్ తెచ్చి పెట్టి, ఆ రోజు బిల్లులన్నీ మళ్లీ కొట్టి, రిటర్న్ వేసేసరికి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇన్వర్టర్ మెకానిక్ వచ్చి వెనక ఉన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లోకి మార్చాడు. చాలామంది ఇళ్లలో ఆ స్విచ్ ఉన్న సంగతే తెలియదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ చాలా త్వరగా అందుకుంటుంది, అది నిజం. కానీ ఆ మోడ్‌లో వోల్టేజీ దాదాపు 180కి తగ్గితే చాలు, కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. మా వీధిలో మే నెల రాత్రుళ్లు స్టెబిలైజర్ మీటర్ 170 చూపిస్తుంది. కరెంటు ఉండగానే బ్యాటరీ కరిగిపోయి, నిజంగా పోయినప్పుడు ఫ్యాన్ కూడా లేకుండా పడుకోవాల్సి వచ్చింది. స్విచ్ మళ్లీ పాత మోడ్‌కే మార్చాం.

ఆ తర్వాత ఎస్ఎంపీఎస్ మార్చాను. 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర ఉన్నది, ఇదీ 450 వాట్లదే. రెండూ చెరో చేతిలో పట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది, పాతది ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది.

బిగించిన వారంలోనే రాత్రి కరెంటు పోయింది. అబ్బాయి గేమ్‌లో ఉన్నాడు. మానిటర్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది, గేమ్ ఎక్కడా ఆగకుండా నడుస్తూనే ఉంది. వాడు “నాన్నా, ఆగలేదు!” అని అరిచాడు. నేను మెయిన్ దగ్గరికెళ్లి ఆఫ్ చేసి, ఆన్ చేసి, మళ్లీ ఆఫ్ చేసి చూశాను. ఒక్కసారీ ఆగలేదు. అప్పట్నుంచి ఇన్వర్టర్ పాత మోడ్‌లోనే ఉంది, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆగిన సందర్భం మళ్లీ రాలేదు.

దీని వెనక సంగతి ఇది. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్లో మిగిలిన విద్యుత్తే కాసేపు కంప్యూటర్‌ని నడుపుతుంది. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఆ కాసేపు 16, 17 మిల్లీసెకన్లయినా ఉండాలి. లోడ్ తక్కువుంటే ఇంకా ఎక్కువసేపు వస్తుంది. టాలీలో బతికి గేమ్‌లో చచ్చిపోవడానికి కారణం అదే. ఇక రాత్రి సంగతి. పాత రకం ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్ ఎంత నిండుతుందనేది ఇంటికొచ్చే వోల్టేజీని బట్టి ఉంటుంది. 230 వస్తే నిండుగా, 170 వస్తే అరకొరగా. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) ఉన్నదైతే వచ్చిన వోల్టేజీని ముందే దాదాపు 380కి పెంచుకుని కెపాసిటర్‌ని నింపుకుంటుంది. బయట 170 ఉన్నా లోపల అంతే నిల్వ. బ్రాంజ్ ముద్రకి పవర్ ఫ్యాక్టర్ (లైన్లోంచి కరెంటుని ఎంత సజావుగా లాగుతుందో చెప్పే లెక్క) 0.9 ఉండాలి కాబట్టి ఆ ముద్ర ఉన్నవాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. అయితే బ్రాంజ్ అనేది కరెంటు ఆదాకి ఇచ్చే ముద్ర మాత్రమే, ఎంతసేపు నిలబడుతుందో అది చెప్పదు. నేను ముద్రకంటే ముందు లేబుల్ మీద ఇన్‌పుట్ వోల్టేజీ చూస్తాను. 100–240 అని ఉంటేనే మా వీధికి పనికొస్తుంది. 200–240 అని రాసున్నవీ బ్రాంజ్‌లోనే దొరుకుతున్నాయి. మావంటి ఊళ్లకి అవి అమ్మడమే అన్యాయం అని నా అభిప్రాయం.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. కొత్తది పెట్టాక కేబినెట్ ముట్టుకుంటే చేతికి చిన్నగా జివ్వుమనేది. పాతదాంతో ఎప్పుడూ లేదు. షాపులో అడిగితే పీస్ మారుస్తామన్నారు గానీ లోపం దానిది కాదు. మంచి ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌కి పంపుతుంది. ప్లగ్గులో ఎర్త్ లేకపోతే అది బాడీ మీదే ఉండిపోతుంది. చవక వాటిలో చాలావరకు ఆ ఫిల్టరే పెట్టరు, అందుకే జివ్వుమనదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గదికి ఎర్త్ వైరు లాగించాను, పోయింది. అయితే ఆ ఖర్చు కూడా కలిపితే కొత్త ఎస్ఎంపీఎస్ అనుకున్నంత చవగ్గా ఏమీ పడలేదు.

ఆగడం ఆగింది గానీ వైఫై రౌటర్ మాత్రం ఇప్పటికీ రీస్టార్ట్ అవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఉంటే మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే. కంప్యూటర్ నిలబడినంత మాత్రాన పని ఆగదని చెప్పలేను. 5600జీ లోపలే ఉండే గ్రాఫిక్స్ కూడా మొదట్లో మురిసినంత కాదు. అబ్బాయి ఆడే గేమ్‌లు పెద్దవయ్యేకొద్దీ సెట్టింగ్‌లు తగ్గించుకుంటూ వస్తున్నాం, పైగా ర్యామ్‌లోంచి కొంత అదే తినేస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు పెడితే నా అనుభవం లెక్కలోకి రాకపోవచ్చు. మా సిస్టమ్ ఎంత కష్టపడినా వంద వాట్ల దగ్గరే ఉంటుంది. అదే 250 వాట్లు లాగితే ఇదే ఎస్ఎంపీఎస్ ఇన్వర్టర్ వచ్చేదాకా ఆగలేకపోవచ్చు. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఉన్నవాళ్లకి ఎలాగూ యూపీఎస్ తప్పదు, జనరేటర్ అందుకోవడానికి సెకన్లు పడుతుంది. మాలాగా ఇన్వర్టర్, తక్కువ వోల్టేజీ, గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్ అయితే మాత్రం, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నా సరే, ఇప్పటికి 8 జీబీతో సర్దుకుని ఆ మిగిలింది ఎస్ఎంపీఎస్ మీద పెట్టమంటాను. ర్యామ్ తర్వాతైనా వేసుకోవచ్చు.