ఆర్10 దొరకని రోజుల్లో: మూడేళ్లు వేరే పెల్లెట్లతో

మా అమ్మాయి 2018లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టింది. విజయనగరం కంటోన్మెంటులో మా మేడ మీద పొడవాటి హాలు ఉంది. ఒక చివర ఇనప పెట్టె, దాని ముందు టార్గెట్ పెట్టి, టేపుతో కొలిచి ఇవతల గీత గీశాం. సాధనంతా అక్కడే. ఎయిర్ రైఫిల్‌లో కాల్చే చిన్న సీసం గుళ్లను పెల్లెట్లు అంటారు, పోటీల కోసం చేసిన రకం మీద మ్యాచ్ అని రాస్తారు. మొదటి నుంచీ ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ ఆర్10 మ్యాచ్ పెల్లెట్లే వాడాం. డబ్బాకు 500 ఉంటాయి. రోజుకు వంద కాలిస్తే ఐదు రోజుల్లో డబ్బా ఖాళీ.

2020లో లాక్‌డౌన్ వచ్చాక అవి మాకు దొరకలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా దుకాణంవాళ్లు వచ్చే నెల అనేవారు. సాధన ఆపడం ఇష్టం లేక, అందుబాటులో ఉన్న ఒక చవక రకం పది డబ్బాలు ఒకేసారి తెప్పించాను. దాని మీదా మ్యాచ్ అనే రాసి ఉంది. పరీక్షించకుండా అన్ని డబ్బాలు కొనడం నేను చేసిన పెద్ద తప్పు.

60 షాట్లకు 612 దాకా (దశాంశాల లెక్కలో, ఒక్కో షాట్‌కు గరిష్ఠం 10.9) కొట్టే పిల్ల రెండు వారాల్లో 595కి పడిపోయింది. నిలబడే తీరు మార్చింది, షూటింగ్ జాకెట్ సర్దుకుంది, ట్రిగ్గర్ బరువు, అంటే నొక్కడానికి పట్టే బలం, మార్చింది. ఒకరోజు రైఫిల్ కింద పెట్టి, "నాన్నా, నాకు గురి పోయింది" అని ఏడ్చేసింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. తప్పు పిల్లది కాదు, పెల్లెట్లది. అది తెలుసుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది.

అనుమానం వచ్చి, చవక డబ్బాలోంచి యాభై, మిగిలిన పాత ఆర్10లోంచి యాభై తీసుకుని గంటస్తంభం దగ్గర తెలిసిన బంగారం దుకాణానికి వెళ్లాను. అక్కడి త్రాసు మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. ఆచారి గారు "ఇవేటి బాబూ, సీసం గుళ్లా?" అంటూనే ఓపిగ్గా వందా తూచారు. రైఫిల్ మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాములు ఉండాలి. ఆర్10లో అన్నీ 528కీ 533 మిల్లీగ్రాములకీ మధ్య ఉన్నాయి. చవక రకంలో ఒకటి 507 మిల్లీగ్రాములు తూగితే మరొకటి 546 తూగింది. పైగా ఏడెనిమిదింటికి వెనక పావడాలాంటి అంచు, అదే స్కర్ట్, నొక్కుకుపోయి ఉంది. గాలి ఆ అంచును బ్యారెల్ గోడకు బిగించి తోస్తుంది. అంచు వంకరైతే గాలి ఒక పక్క నుంచి జారుతుంది, పెల్లెట్ ఊగుతూ పోతుంది.

మర్నాడు రైఫిల్‌ను బల్లకు బిగించి, ఒక్కో కాగితం మీద ఐదేసి షాట్లు కాల్చాం. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. టార్గెట్ నడిమధ్య ఉండే పది రింగు వ్యాసం 0.5 మిల్లీమీటర్లే, కానీ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. అంచు తాకినా పదే. కాబట్టి రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకు 9.5 మిల్లీమీటర్ల లోపు ఉండి, సరిగ్గా మధ్యలో పడితే అన్నీ పదులు. ఆర్10 గుంపు 6 దాటలేదు. చవక రకం 11, ఒకసారి 12 వచ్చింది. అంటే రైఫిల్ కదలకుండా ఉన్నా తొమ్మిదులు తప్పవు. ఇక చేతిలో పట్టుకున్న పిల్ల ఏం చేస్తుంది? ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం తనే వెళ్లి రైఫిల్ తీసింది.

అప్పటి నుంచి ఏది కొన్నా మొదట ఒక్క డబ్బానే. ఎచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ దొరికినప్పుడు తల వ్యాసం 4.49, 4.50 మిల్లీమీటర్లు రెండూ చూశాం. మా బ్యారెల్‌కు 4.50 నచ్చింది, గుంపు ఆర్10కు సమానం. మా అమ్మాయి స్నేహితురాలి రైఫిల్ మాదే మోడల్, దానికి మాత్రం 4.49 బాగా కుదిరింది. జేఎస్‌బీ మ్యాచ్ రకం కూడా మాకు బాగానే పనిచేసింది, కాకపోతే రెండో డబ్బా దొరకలేదు. ఒక దశలో గుండ్రటి తల పెల్లెట్లు తప్ప ఏవీ లేవు. గురిలో వాటికి వంక పెట్టలేను. కానీ చదును తల పెల్లెట్ కాగితాన్ని పంచ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది, గుండ్రటి తల చించుకుంటూ పోతుంది. పదా తొమ్మిదా అని రంధ్రం దగ్గర భూతద్దం పెట్టుకుని వాదించుకోవాల్సి వచ్చేది. అవి సాధనకే.

రకం మార్చగానే మొదటి పది షాట్లు చూసి తీర్పు చెప్పొద్దు. ఫెల్ట్ ముక్కలతో బ్యారెల్ తుడిచి, కొత్తవి ముప్పై నలభై కాల్చాకే మా గుంపులు కుదుటపడేవి. డబ్బా అడుగున ఉండే లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు నంబర్, కూడా రాసుకోండి. అదే కంపెనీ, అదే కొలత, లాట్ వేరైతే మాకు ఒకసారి గుంపు 6 నుంచి 8కి పెరిగింది. నచ్చిన లాట్ దొరికితే ఉన్నన్ని డబ్బాలు కొనేయడమే. డబ్బు ఒకేసారి పోతుందని బాధే, కానీ ఏడాది పొడవునా టెన్షన్ ఉండదు.

మన దగ్గర గాలిలో తేమ ఇంకో సమస్య. వానాకాలంలో తెరిచిన డబ్బాలో పెల్లెట్లకు తెల్లటి పొడి పడుతుంది, సీసం మీద పట్టేది అది. అలాంటివి కాల్చకుండా పారేస్తాం. ఇప్పుడు డబ్బాలన్నీ మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాం. పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పాలి: సీసం విషం. పెల్లెట్ నోట్లో పెట్టుకోకూడదు, సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. మా ఇంట్లో హాలు గుమ్మం దగ్గరే సబ్బు పెట్టాం, ఇనప పెట్టెలోని సీసం నేనే గ్లవుజులు వేసుకుని తీస్తాను.

2023 నుంచి ఆర్10 మళ్లీ దొరుకుతున్నాయి. అయినా పోటీకి ఫినాలే మ్యాచ్ 4.50నే ఉంచుకున్నాం, ఆ లాట్‌వి ఇంకా ఆరు డబ్బాలున్నాయి. ఆర్10 రోజువారీ సాధనకు. చవక రకం డబ్బాలు నాలుగు మిగిలాయి. కొత్తగా వచ్చే పిల్లలకు పెల్లెట్ పెట్టడం, ట్రిగ్గర్ నొక్కడం నేర్పేటప్పుడు అవే ఇస్తుంది మా అమ్మాయి, టార్గెట్ తీసేసి వట్టి తెల్ల కాగితం పెట్టి.