రాణిగంజ్‌లో చవకగా డిన్ రైలు ఎస్‌ఎంపీఎస్ దొరుకుతోందా? ఆగండి

షాపు పేరు రాయను. ప్యానెళ్ళు కట్టేవాళ్ళకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

జీడిమెట్లలో ఒక పాత లేత్‌కి కొత్త కంట్రోల్ ప్యానెల్ కడుతున్నాను. రిలే కార్డు (కరెంటుతో పనిచేసే స్విచ్చులున్న బోర్డు) నేనే డిజైన్ చేశాను, ప్యానెల్‌లో పరికరాలు బిగించే 35 మిల్లీమీటర్ల లోహపు పట్టీ, అదే డిన్ రైలు, మీద కూర్చునేలా. దానికీ, మెషీన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీకీ కలిపి 24 వోల్టుల, 5 ఆంపియర్ల సప్లై కావాలి. మెయిన్స్ కరెంటుని 24 వోల్టుల డీసీగా మార్చే ఆ డబ్బానే ఎస్‌ఎంపీఎస్. అందరూ 2,600 చెప్పిన బ్రాండు పీసు ఇక్కడ 1,850. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. అనిపించాక అక్కడే పెట్టేసి రావాలా వద్దా? 750 మిగిలిందని బిర్యానీ తిని మరీ ఇంటికెళ్ళాను.

ప్యానెల్ తలుపు తెరిచి ఉన్నంతసేపూ బంగారంలా నడిచింది. తలుపు మూసి, లోపల వేడెక్కేలా అరగంట నడిపితే, టూల్స్ పట్టుకుని తిరిగే టరెట్ తిరుగుతూ తిరుగుతూ సగంలో ఆగిపోయింది. పీఎల్‌సీ రీసెట్! రెండు రోజులు నా కార్డునే అనుమానించాను. కాయిల్ డయోడ్లు మార్చాను, ఎర్తింగ్ మళ్ళీ లాగాను, డ్రైవ్ వైర్లను వేరే డక్టులోకి మార్చాను. మూడో రోజు మీటరు పెట్టి సోలినాయిడ్ (కరెంటిస్తే లాగే కాయిల్) పడ్డప్పుడు చూస్తే 19 వోల్టులు. ఈ పీఎల్‌సీకి కనీసం 20.4 కావాలి.

విప్పాను. కరెంటులోని నాయిస్‌ని ఆపే ఇన్‌పుట్ ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట రెండు వైరు ముక్కలు. అవుట్‌పుట్ కెపాసిటర్ 85 డిగ్రీల వేడి వరకే తట్టుకునే రకం, తల ఉబ్బి ఉంది. బయట స్టిక్కర్ మాత్రం అచ్చం అసలుదే.

పట్టుకెళ్ళాను. సేటు చేత్తో ముట్టలేదు కూడా. పెన్నుతో అటూ ఇటూ పొర్లించి, "సీల్ చింపావు కదా భయ్యా, వారంటీ ఖతం" అన్నాడు. విప్పకపోతే లోపల ఏముందో ఎలా తెలుస్తుందన్నాను. "నీకు ప్యానెల్ కట్టడం రాకపోతే మా మాల్ ఏం చేస్తది? మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకో." కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను నేను! బిల్లు తీశాను. బిల్లంటే, 'ఎస్టిమేట్' అని అచ్చేసిన గులాబీ చీటీ. షాపు పేరు లేదు, జీఎస్‌టీ నంబరు లేదు. "ఇది మాదని ఎక్కడుంది?" అన్నాడు. నోరు పెగల్లేదు. కొన్న రోజు "పక్కా బిల్లు కావాలంటే 18 పర్సెంట్ ఎక్స్‌ట్రా" అంటే, వద్దులే అని చీటీకే తలూపిన మహానుభావుణ్ణి నేనే మరి.

చివరికి 2,600 పెట్టి వేరే చోట కొన్నాను. అదే కార్డు, ఒక్క వైరు కదపకుండా, నడుస్తోంది. లేత్ ఓనరుకి మూడు రోజుల మెషీన్ పని పోయింది, నాకు ఆయన నోట చీవాట్లు మిగిలాయి.

పక్కా బిల్లు తీసుకోండి. రైలెక్కించే ముందు 24 వోల్టుల లారీ బల్బులతో లోడు పెట్టి చూడండి: 75 వాట్ల హెడ్‌లైట్ ఒకటి, 21 వాట్ల ఇండికేటర్లు రెండు, ప్యారలల్‌గా కలిపి ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే మొత్తం దాదాపు 4.9 ఆంపియర్లు. గంట నడవాలి. నిన్న రాత్రి నా దొంగ పీసుకి ఇదే పెట్టాను. పదకొండు నిమిషాలకు కాలిన వాసన.