రెండు టన్నుల హైబ్రిడ్, లీటరుకి పద్నాలుగు: మూడేళ్ల లెక్క

బంకులో పెట్రోల్ కొట్టే కుర్రాడి దగ్గర్నుంచి చెరువు గట్టు మీద కాపలా మనిషి దాకా అందరూ ఒకటే అడుగుతారు: "ఎంత ఇస్తుందండీ?" కోటి రూపాయల దగ్గర పెట్టి కొన్నవాడిని మైలేజీ అడగడమేంటని హైదరాబాద్ వాళ్లు నవ్వుకుంటారేమో గానీ, మా భీమవరంలో ఎంత బండికైనా ఆ ప్రశ్న తప్పదు. నాకూ తప్పుగా అనిపించదు. నేను ఇంట్లో ఒప్పించిందే ఆ సాకుతో. "హైబ్రిడ్ కదా, ఆయిల్ ఖర్చు సగమవుతుంది" అన్నాను. మా ఆవిడ అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు అంటోంది.

బండి పేరు రాయను. రాస్తే పొగిడానని కొందరు, తిట్టానని కొందరు అంటారు. జపాన్ కంపెనీది. 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటార్లు, నాలుగు చక్రాలకూ పవర్, బరువు రెండు టన్నుల దగ్గర. మూడేళ్లలో 61,000 కిలోమీటర్లు తిరిగింది. నాది రొయ్యల మేత వ్యాపారం కాబట్టి ఆ తిరుగుడులో సగం చెరువుల చుట్టూనే.

లెక్క ఎలా కట్టానో ముందే చెబుతాను. ఎప్పుడూ ఒకే బంకు, ఫుల్ ట్యాంకు, మొదటిసారి ఆటో కట్ అవ్వగానే ఆపెయ్యడం, లీటర్లు, కిలోమీటర్లు మేత ఖాతా పుస్తకం వెనక పేజీల్లో రాసుకోవడం. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకెని నమ్మలేదు. అది 15.3 చూపిస్తుంటే పుస్తకంలో 14.2 తేలింది. మూడేళ్ల సగటు అదే, 14.2.

అయితే ఈ సగటు ఒక్కటే చూస్తే అసలు సంగతి తెలియదు. భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు మీదుగా అమలాపురం, మా అత్తగారి ఊరు. ఆ దారిలో పదహారు తగ్గదు. నరసాపురం వైపు కాలువ గట్ల మీద చెరువులకి వెళ్లే రోజుల్లో పదిహేడు కూడా చూశాను. అదే ఏలూరు, విజయవాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లి అమ్మాయిని చూసొచ్చిన వారం తీస్తే పన్నెండున్నర. హైవే మీద ఎక్కువ ఇవ్వాలి కదా అనుకునే మన అలవాటు ఇక్కడ తిరగబడుతుంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మన రోడ్ల మీద నలభై, యాభై దాటవు. ముందు ట్రాక్టరు, తర్వాత గేదెలు, తర్వాత స్పీడ్ బ్రేకరు, తర్వాత ఎదురుగా కొబ్బరికాయల లారీ. మామూలు బండిలో బ్రేకు నొక్కిన ప్రతిసారీ పెట్రోలు వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఇందులో అదే మోటారు జనరేటరుగా తిరిగి కొంత కరెంటు బ్యాటరీలోకి తెస్తుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటుతోనే కదులుతుంది, ఇంజిన్ నిద్రపోతుంది. చించినాడ వంతెన దిగుతుంటే బ్యాటరీ గీత ఒకటి పెరగడం ప్రతిసారీ చూస్తాను, చిన్నపిల్లాడి సరదా. హైవే మీద నూటపది పట్టి పోతున్నప్పుడు బ్రేకు ఎక్కడుంది తిరిగి సంపాదించడానికి? ఇంజినే లాగాలి. పైగా గాలి. ఎనభై దగ్గర ఎంత అడ్డుతుందో నూటపది దగ్గర దానికి దాదాపు రెట్టింపు అడ్డుతుంది. ఇంత ఎత్తు, ఇంత వెడల్పు బండి ఆ గాలిని తోసుకుంటూ పోవాలి. ఎనభై, ఎనభై ఐదులో ఓపిగ్గా వెళ్లిన రెండుసార్లు పద్నాలుగున్నర వచ్చింది. ఆ ఓపిక నాకు ఆ రెండుసార్లే ఉంది.

ఊళ్లో పొట్టి తిరుగుళ్లు ఇంకో సంగతి. పొద్దున్నే షాపుకి రెండు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి. ఇంజిన్ వేడెక్కే దాకా తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కేసరికి షాపు వచ్చేస్తుంది. అలాంటి వారాల్లో పదకొండు. ఆ పనికి ఇప్పుడు స్కూటీ వాడుతున్నాను.

ఇంజిన్ ఆగి మోటారు మీద వెళ్లడం మా వాళ్లకి కొత్త. కిందటేడు దాళ్వా మాసూళ్లప్పుడు రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోశారు. అంచున వరసగా రాళ్లు, పక్కన మడత పెట్టిన బరకం. నేను పది స్పీడులో చప్పుడు లేకుండా మిగిలిన సగంలోంచి వస్తున్నాను. ఒక పెద్దాయన ఇటు వీపు పెట్టి, కాళ్లతో ధాన్యం చాళ్లు తీస్తూ వెనక్కి నడుస్తున్నాడు. బండి మెల్లగా వెళ్లేటప్పుడు ఏదో సన్నటి శబ్దం చేస్తుంది గానీ ఆ గాలిలో ఆయనకేం వినపడుతుంది? ఆగాను. హారన్ కొడితే ఉలిక్కిపడతాడని అద్దం దించి "బాబాయ్" అన్నాను. తిరిగి చూసి, ఇంజిన్ చప్పుడు లేకపోయేసరికి, "ఆగిపోయిందా బాబూ, కుర్రాళ్లని పిలవనా, తోస్తారు" అన్నాడు. అప్పట్నుంచి ఊళ్లలో నేనే కావాలని అద్దం దించుకుని వెళ్తాను.

చెరువుల దగ్గర ఇంకో మాట అంటారు: "షెడ్డులో త్రీ ఫేజ్ ఉందిగా, ఛార్జింగ్ పెట్టుకోండి." ఇది ప్లగ్ పెట్టే రకం కాదని చెబితే నిరాశపడతారు. బ్యాటరీ చిన్నది, దాని మీద మాత్రమే వెళ్తే ఒకటి రెండు కిలోమీటర్లకి మించదు. అందులోకి వచ్చే కరెంటు కూడా చివరికి నేను పోసిన పెట్రోలుదే. కొత్తగా కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. యూరప్ పెద్ద బండ్ల మీద కూడా హైబ్రిడ్ అనే మాట వినిపిస్తుంది. మెర్సిడెస్ జీఎల్ఈ, బీఎండబ్ల్యూ ఎక్స్5, వోల్వో ఎక్స్‌సీ90 లాంటి వాటిలో మన దగ్గర అమ్మిన చాలా మోడళ్లు 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్లు. అక్కడ మోటారు ఇంజిన్‌కి చెయ్యి సాయం చేస్తుంది, అంతే. బండిని ఒంటరిగా నడపదు. ఆ సాయాన్ని చూసి నా పదహారు ఆశించకండి.

ఇప్పుడు డబ్బు. 61,000 కిలోమీటర్లకి సుమారు 4,300 లీటర్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఇక్కడ పెట్రోలు 110 అటూఇటూ ఉంది, మొత్తం 4 లక్షల 70 వేలు. నా పాత పెద్ద డీజిల్ బండి లీటరుకి పదకొండు ఇచ్చేది, అదీ ఇలాగే రాసిపెట్టిన లెక్కే. దాంతో ఇంతే తిరిగి ఉంటే 5,545 లీటర్లు, డీజిల్ 97 చొప్పున 5 లక్షల 40 వేలు. మిగిలింది 70 వేలు. మూడేళ్లకి! దీనికీ, అప్పట్లో నేను కొనగలిగిన కొత్త డీజిల్ బండికీ ధరలో తేడా నలభై లక్షల పైమాటే. ఆ 70 వేలు కూడా చేతిలో లేవు. 21 అంగుళాల చక్రాలు కదా, ఒక్క సెట్ టైర్లకే లక్షన్నర దగ్గరయింది.

అదే సైజు పెట్రోల్ బండితో పోలిస్తే మాత్రం మాట వేరు. మా ఫ్రెండుది అలాంటిదే, తొమ్మిది దాటదు. ఆ లెక్కన నాకు రెండున్నర లక్షలకి పైనే మిగిలింది. కాబట్టి పెద్ద లగ్జరీ బండే కావాలి, డీజిల్ వద్దు అని తేల్చుకున్నవాడికి హైబ్రిడ్ మంచి బేరం. ఖర్చు తగ్గించుకుందామని బయల్దేరినవాడు అసలు ఈ షోరూములోకి రాకూడదు. మా బావగారు ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కొన్నారు. కంపెనీ చెప్పే అంకె 23.24, ఆయనకి వచ్చేది పదిహేడు. నా బండి ధరలో సగం కూడా కాదు, ఏడుగురు ఎక్కుతారు. పండక్కి కలిసినప్పుడు ఆ మాట గుర్తు చేయకుండా భోజనం ముగించరు.

నేను కొన్నప్పుడు పన్నులో కూడా కొంత కలిసొచ్చింది. పెద్ద హైబ్రిడ్ మీద జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం, మామూలు పెద్ద ఎస్‌యూవీ మీద 50 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ 40 శాతమే. పన్ను తగ్గిందని సంతోషించొచ్చు గానీ, హైబ్రిడ్‌కి ఉన్న ఏడు శాతం లాభం పోయింది. ఎలక్ట్రిక్ మీద మాత్రం 5 శాతమే. దీనికితోడు ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, మైలేజీ కొంత తగ్గక తప్పదు. నా పుస్తకంలో అర కిలోమీటరు తగ్గింది. ఎథనాల్‌ని నూకల నుంచి కూడా తీస్తారు కదా, మన నూకలే ట్యాంకులోకి తిరిగొస్తున్నాయని మా రైసు మిల్లు వాళ్లు జోకులేస్తారు.

ఇబ్బందులు రెండే చెబుతాను. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది. నాకు తెలియక అక్కడ మేత బస్తాలు రెండు ఆనించి పెట్టాను. ఫ్యాను హోరు, స్క్రీన్ మీద హెచ్చరిక. సర్వీసు కుర్రాడు ఫిల్టరు తీసి చూపిస్తే మేత పొడి, ఊక కలిసి గుడ్డలా అట్టకట్టి ఉంది. ఇప్పుడు మూడు నెలలకోసారి నేనే తీసి దులుపుతాను. రెండోది, మూడు వారాలు బండి తియ్యకపోతే స్టార్ట్ అవ్వలేదు. పెద్ద బ్యాటరీలో ఛార్జింగ్ ఉంది, కానీ సిస్టమ్‌ని లేపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడుకుంది. పక్కింటి వాళ్ల కారుతో జంపర్ వైర్లు పెట్టి లేపాం. పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి దాని టెన్షన్ ఇంకా మొదలవలేదు. వరదలప్పుడు లంకల వైపు మాత్రం దీన్ని తియ్యను, వర్కర్ల బొలెరోలో వెళ్తాను.

అమ్మేద్దామా అని మొన్న మా ఆవిడని అడిగాను. హైదరాబాద్‌లో దిగాక నడుం పట్టుకోకుండా నడిచింది ఈ బండిలోనేనట, అమ్మితే ఇక రైల్లోనే వెళ్తానంది. సరే, ఇంకో రెండేళ్లు దీంతోనే. సంక్రాంతి లోపు టైర్లు మళ్లీ మార్చాలి.