తర్గోవిష్తె బ్యారక్స్ మ్యూజియం: చౌషెస్కు పరుగు ఆగిపోయిన చోటు

రొమేనియా వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది బుకారెస్ట్‌లో ఆ భారీ పార్లమెంటు భవనం, తర్వాత డ్రాక్యులా పేరు చెప్పి బ్రాన్ కోట చూసుకుని వచ్చేస్తుంటారు. వీలైతే ఒక రోజు తర్గోవిష్తెకి పెట్టుకోండి. బుకారెస్ట్‌కి వాయవ్యంగా దాదాపు 80 కిలోమీటర్లు, గారా దె నోర్ద్ స్టేషన్ నుంచి రైలు ఉంటుంది, దిగాక మ్యూజియం నడిచి వెళ్లేంత దగ్గర. 24 ఏళ్లు రొమేనియాని గుప్పిట్లో పెట్టుకున్న కమ్యూనిస్టు నియంత నికోలే చౌషెస్కునీ ఆయన భార్య ఎలీనానీ 1989 డిసెంబర్ 25న విచారించి, వెంటనే కాల్చి చంపిన సైనిక బ్యారక్స్ ఇదే. 2013లో మ్యూజియంగా తెరిచారు.

చిన్న మ్యూజియం. వాళ్లని ఉంచిన గది, అందులో సైనికుల మంచాలు, విచారణ జరిపిన గదిలో బల్లలు, బయట పెరట్లో తూటాల గుర్తులున్న గోడ, అంతే. త్వరగా నడిస్తే అరగంటలో అయిపోతుంది. కానీ ఆ మంచాల గదిలో కాసేపు నిలబడాలి. బుకారెస్ట్‌లో వాళ్లు ఉన్న ఇల్లు, అదే ప్రిమవెరి ప్యాలెస్, 2016 నుంచి జనానికి తెరిచి ఉంది, అక్కడ బంగారు రంగు బాత్‌రూమ్, మొజాయిక్ గోడల స్విమ్మింగ్ పూల్, సొంత సినిమా హాలు, తోటలో నెమళ్లు. అది చూసి వచ్చి ఈ గదిలో నిలబడితే కడుపులో ఏదో తిప్పినట్టవుతుంది. అందుకే ముందు అది, తర్వాత ఇది చూడండి.

ఈ క్రమం గురించి ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. ఏమీ తెలియకుండా నేరుగా ఇక్కడికి వస్తే ఈ గది మనకి చూపించేది ఒక ముసలి జంటని మాత్రమే. ఆయనకి 71, ఆమెకి 73. అయ్యో పాపం అనిపిస్తుంది, నాకూ అనిపించింది, అనిపించడం తప్పు కూడా కాదు. అయితే అదే డిసెంబర్ 17న తిమిషోరా నగరంలో ఎదురు తిరిగిన జనం మీద కాల్పులు జరిగాయి, చనిపోయినవాళ్లలో నలభైకి పైగా శవాలని రహస్యంగా బుకారెస్ట్ తెప్పించి దహనం చేయించి, బూడిదని డ్రైనేజీలో పారబోయించారు. కన్నవాళ్లకి బూడిద కూడా దక్కలేదు. 1966లో గర్భస్రావం నిషేధిస్తూ తెచ్చిన 770 నంబరు డిక్రీ వల్ల దొంగచాటు ఆపరేషన్లలో చచ్చిపోయిన ఆడవాళ్లు దాదాపు పది వేలమంది అని అంచనా. పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి. విదేశీ అప్పు తీర్చాలని 80లలో తిండి గింజలూ మాంసమూ ఎగుమతి చేసి సొంత జనాన్ని రేషన్ క్యూల్లో నిలబెట్టారు, చలికాలంలో ఇళ్లకి హీటింగ్ తగ్గించేశారు. ఇవన్నీ మనసులో పెట్టుకుని ఆ గదిలోకి వెళ్లాలి.

ఇక పారిపోయిన కథ. డిసెంబర్ 21న బుకారెస్ట్‌లో చౌషెస్కు తనే పిలిపించుకున్న సభలో జనం ఎదురు తిరిగారు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయిన ఆయన ముఖం టీవీలో లైవ్‌లో వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం జనం పార్టీ ఆఫీసులోకి దూసుకొస్తుంటే భార్యాభర్తలిద్దరూ పైకప్పు మీంచి హెలికాప్టర్ ఎక్కారు. ముందు బుకారెస్ట్ దగ్గర్లోని స్నాగోవ్‌లో దిగి, అక్కడ ఇద్దరు పెద్ద నాయకులని వదిలేసి మళ్లీ ఎగిరారు. రాడార్‌కి దొరికిపోయాం, ఏ క్షణమైనా కూల్చేస్తారు అని పైలట్ భయపెడితే దారిలోనే దించమన్నాడు. అక్కణ్ణుంచి రోడ్డు మీద కార్లు ఆపుకోవాల్సి వచ్చింది. మొదటి కారు ఒక డాక్టర్‌ది, ఇంజన్ పాడైందని నాటకమాడి వదిలించుకున్నాడు. రెండో కారు తర్గోవిష్తె దాకా తెచ్చింది, అక్కడ మొక్కల సంరక్షణ సంస్థలో ఒక గదిలో కూర్చోబెట్టి బయట తాళం వేశారు. ముందురోజు దాకా దేశమంతా గోడల మీద ఫొటోగా ఉన్న మనిషికి ఒక్క ఊళ్లో ఒక్క ఇంటి తలుపు తెరుచుకోలేదు. నా దృష్టిలో మొత్తం కథలో ఇదే అసలు తీర్పు, కోర్టుది ఆ తర్వాత సంగతి.

మరి అక్కణ్ణుంచి తెచ్చి ఈ బ్యారక్స్‌లో ఉంచిన ఆ మూడు రోజులూ, తను చేసినవన్నీ ఆయన్ని వెంటాడి ఉంటాయా? మనకి అలా ఊహించుకోవాలని ఉంటుంది. విచారణ వీడియో ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు, పశ్చాత్తాపం ఎక్కడా కనిపించదు. మీరెవరు నన్ను అడగడానికి, గ్రాండ్ నేషనల్ అసెంబ్లీ (అప్పటి పార్లమెంటు) ముందు తప్ప జవాబు చెప్పను అని అదే మాట, ఇదంతా కుట్ర అని అదే మాట. చేతులు కట్టేస్తుంటే ఎలీనా ఆ సైనిక కుర్రాళ్లతో మిమ్మల్ని తల్లిలా పెంచాను కదా అంటుంది. నిజంగానే అలా నమ్మిందేమో, అది తలుచుకుంటే నాకు ఇంకా భయం వేసింది.

అలాగని ఆ విచారణని నేను సమర్థించను. గంటకి కాస్త అటూ ఇటూగా అయిపోయింది, అరవై వేల హత్యలని ఆరోపణ పెట్టారు, ఆ తిరుగుబాటులో మొత్తం చనిపోయినవాళ్లు 1,100 పైచిలుకు. అందులోనూ ఎక్కువమంది ఆయన పారిపోయిన తర్వాతే చచ్చిపోయారు, వాళ్లని కాల్చిందెవరో దశాబ్దాలపాటు తేలలేదు. ఆయన్ని బతికించి నెలల తరబడి అందరి ముందూ ప్రశ్నించి ఉంటే ఎన్ని ఇళ్లకి జవాబు దొరికేదో. ఆ దేశంలో మరణశిక్ష అమలైన చివరి ఇద్దరు వీళ్లే, కొద్ది రోజులకే 1990 జనవరిలో దాన్ని రద్దు చేశారు. గోడ దగ్గర నిలబడితే న్యాయం జరిగిందన్న తృప్తి నాకైతే రాలేదు.

ఇక వెళ్లేవాళ్లకి. రైల్లో మీ అంతట మీరే వెళ్లండి. మేం తీసుకున్న డే టూర్‌వాళ్లు ఇక్కడ ఫొటో తీసుకునేంత టైమే ఇచ్చి కంగారు పెట్టేశారు, నేను మళ్లీ విడిగా వెళ్లాల్సి వచ్చింది. చిన్నపిల్లలని గోడ దగ్గరికి తీసుకెళ్లకపోవడమే మంచిది. 2025 జనవరి నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో ఉంది కాబట్టి జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకి విడిగా వీసా అక్కర్లేదు. శాకాహారులు మమలిగ అడగండి, మొక్కజొన్న పిండితో చేస్తారు, చీజ్, పుల్లటి క్రీమ్‌తో బాగుంటుంది. టైముంటే ఊళ్లోనే పాత రాజుల కోట, కిందియా బురుజు ఉన్నాయి, బురుజు డ్రాక్యులా పేరుకి మూలమైన రాజు వ్లాద్ కాలం నాటిది, కానీ నేనైతే వాటిని మ్యూజియం కంటే ముందే చూసేయమంటాను. బయటికొచ్చాక ఇంకేదీ చూడబుద్ధి కాదు. నా రేటింగ్ 5కి 4.