అంకీ కార్డులు, ఏఆర్ బొమ్మలు: నా రివ్యూ

అనాటమీ చదివేవాళ్లు అంకీ తప్పకుండా వాడి చూడండి. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డులతో చదువుకునే యాప్ ఇది. 2006 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది), ఆండ్రాయిడ్‌లో అంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం. జవాబు ముందు మనమే గుర్తు తెచ్చుకుని, కార్డు తిప్పి, ఎంత కష్టమనిపించిందో నొక్కితే, అది మళ్లీ ఎప్పుడు రావాలో యాప్ లెక్కేస్తుంది, తేలికైనవి నెలల తర్వాత, కష్టమైనవి త్వరగా వస్తాయి. కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో మన జ్ఞాపకాన్ని బట్టి లెక్కేసే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతి 2023లో అంకీలో చేరింది, దాన్ని ఆన్ చేసుకోండి, రివిజన్ టెన్షన్ బాగా తగ్గుతుంది.

ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే కెమెరాలో కనిపించే దృశ్యం మీద 3డీ బొమ్మ చూపే టెక్నాలజీ) సంగతి వేరు. ఫోన్ కెమెరాలో టేబుల్ మీద గుండె బొమ్మ పెట్టుకుని చుట్టూ తిరిగి చూస్తే, పుస్తకంలో ఎంతకీ అర్థం కాని కవాటాల అమరిక ఇట్టే తెలుస్తుంది, కానీ చూసిందంతా గుర్తుండదు (పైగా ఫోన్ వేడెక్కుతుంది). అందుకే నేను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, పేర్లు మూసేసి అంకీ కార్డులు చేసుకుంటా. వేరేవాళ్లు చేసిన డెక్‌ల (కార్డుల కట్టల) కంటే అలా సొంతంగా చేసుకున్నవే నాకు బాగా గుర్తున్నాయి.